పూల్ నీళ్లు చాయ్ రంగులోకి మారాయా? ముందు క్లోరిన్ డబ్బా పక్కన పెట్టండి

ఏప్రిల్‌లో ఒక శనివారం, పొద్దున ఆరు కూడా కాలేదు, హసన్‌పర్తి దగ్గరి ఒక ఫామ్‌హౌస్ నుంచి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. “అన్నా, రాత్రి అద్దం లెక్క ఉన్న నీళ్లు పొద్దుగాల లేచి చూస్తే చాయ్ లెక్క అయినయి. నేనేం కలపలే, మందు ఒక్కటే ఏసిన.” మందు అంటే క్లోరిన్. ఆ సాయంత్రం అక్కడ పుట్టినరోజు ఫంక్షన్, ముప్పై మంది పిల్లలు వస్తారు, ఓనర్ సార్ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి టెన్షన్ పడుతున్నారట. నేను వెళ్లేసరికి వాచ్‌మన్ ఇంకో బకెట్లో బ్లీచింగ్ పౌడర్ కలుపుకొని గట్టు మీద నిలబడి ఉన్నాడు. పాచి పట్టింది, డోసు పెంచు, అదే పోతుంది అని ఎవరో చెప్పారట. ఆ బకెట్ కింద పెట్టించడమే ఆ రోజు నేను చేసిన మొదటి పని.

హనుమకొండ, కాజీపేట, ధర్మసాగర్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌ల్లో, అపార్ట్‌మెంట్లలో స్విమ్మింగ్ పూల్స్ మెయింటెనెన్స్ చూడటమే నా పని, ప్రతి ఎండాకాలం ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. అందరూ చేసే పొరపాటు ఒక్కటే. నీళ్లు రంగు మారితే పాచి అనుకుంటారు, పాచి అనుకొని క్లోరిన్ పోస్తారు, క్లోరిన్ పోసిన కొద్దీ రంగు ముదురుతుంది. పాచికి ప్రాణం ఉంది, క్లోరిన్ వేస్తే చస్తుంది. ఆ పూల్‌కు రంగు తెచ్చింది బోరు నీళ్లతో వచ్చిన ఇనుము. ఇనుముకు ప్రాణం లేదు, అది చావదు. ఇనుము గానీ రాగి గానీ నీళ్లలో పడ్డాక మనం చేయగలిగినవి రెండే: దాన్ని అడుగుకు దింపి బయటికి తీసెయ్యడం, లేదంటే రంగు చూపించకుండా నీళ్లలోనే కట్టిపెట్టడం. ఈ రెండింట్లో ఏది చేస్తున్నామో తెలియకుండా ఏ డబ్బా మూత తీసినా డబ్బు నీళ్లలో పోసినట్టే.

రాత్రి అద్దంలా ఉన్న నీళ్లు తెల్లారేసరికి ఎలా మారాయన్నది చూద్దాం. బోరు లోతుల్లో ఉండే నీళ్లకు గాలి తగలదు. ఆక్సిజన్ లేని చోట ఇనుము చక్కెర కరిగినట్టు కరిగి ఉంటుంది, కంటికి కనపడదు, బోరు నుంచి పడుతున్నప్పుడు గ్లాసులో పట్టి చూసినా తేటగానే ఉంటుంది. దాన్ని గాలి తగిలేలా వదిలేస్తే మెల్లగా తుప్పుగా మారి విడిపోతుంది, ఇంట్లో బకెట్లో పట్టి రాత్రంతా ఉంచిన బోరు నీళ్ల అడుగున పసుపు ఎరుపు కలిసిన పొడి కనిపించేది అందుకే. క్లోరిన్ వేస్తే గంటల్లో అయ్యే ఆ పని నిమిషాల్లో అయిపోతుంది. అంటే వాచ్‌మన్ వేసిన మందు నీళ్లను పాడు చేయలేదు, నీళ్లలో అప్పటికే ఉన్నదాన్ని బయటపెట్టింది. దానికి తోడు బ్లీచింగ్ పౌడర్ నీళ్ల పీహెచ్‌ని, అంటే పులుపు తగ్గేకొద్దీ పెరిగే అంకెను, కూడా పైకి లాగుతుంది. పీహెచ్ ఒక్క పాయింట్ పెరిగితే గాలికి ఇనుము తుప్పుగా మారే వేగం దాదాపు వంద రెట్లు పెరుగుతుంది, కాబట్టి మిగిలిన కాస్త ఇనుమూ దాక్కోవడానికి చోటు ఉండదు.

ఎంత ఇనుము ఉంటే ఇంత రంగు వస్తుంది అని చాలామంది అడుగుతారు. లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే బట్టలకు, సింకులకు మరకలు పడతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, పూల్‌కి కూడా అదే హద్దు అనుకోవచ్చు. ఆ ఫామ్‌హౌస్ బోరు నీళ్లలో తర్వాత ల్యాబ్‌లో చూపిస్తే 1.5 వచ్చింది. వినడానికి చిన్న అంకె. కానీ ఆ పూల్ పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, సగటు లోతు 1.3 మీటర్లు, అంటే 65,000 లీటర్లు. లెక్క వేస్తే దాదాపు 100 గ్రాముల ఇనుము. అది నీళ్లను, ఆక్సిజన్‌ను పట్టుకొని తుప్పుగా మారేసరికి బరువు కూడా పెరిగి సుమారు 190 గ్రాములు అవుతుంది. ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తటి ఎర్రపొడిని పావు కిలోకి కాస్త తక్కువగా తీసుకొని పూల్ నిండా సమంగా చల్లినట్టు ఊహించుకోండి. ఆ పొద్దున నేను చూసింది అదే.

ఇక్కడ ఒక మాట. మన నేలకు ఇనుము కొత్తేం కాదు. బయ్యారం ఇనుప ఖనిజం పేరు వినని వాళ్లు వరంగల్‌లో ఉండరు, ఒకప్పుడు నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు పశ్చిమాసియా దాకా కత్తుల కోసం పోయేది. మన బోర్లు ఎక్కువగా గ్రానైట్, నైస్ అనే చారల రాళ్ల పగుళ్ల నుంచి నీళ్లు తోడతాయి, ఆ రాళ్లలో నల్లగా మెరిసే ఖనిజాల్లో ఇనుము ఉంటుంది. అయితే మీ నీళ్లలో ఇనుము వచ్చిందంటే తప్పంతా రాయిదే అనుకోకండి. బోరు గొట్టంగా దించిన పాత ఇనుప కేసింగ్, జీఐ అనే జింకు పూత ఇనుప పైపులు, లోపల తుప్పు పట్టిన ట్యాంకర్, ఇవన్నీ తమ వంతు ఇస్తాయి. బోరును కొన్ని వారాలు ఆపి మళ్లీ మోటార్ వేస్తే మొదటి పది నిమిషాలు ఎర్రనీళ్లు వస్తాయి చూడండి, అవి పూల్లోకి పోకుండా చెట్లకు వదిలేస్తే సగం గొడవ తప్పుతుంది. బాత్రూం ఫ్లష్ ట్యాంకు మూత తీసి చూస్తే నారింజ రంగులో జారుడుగా జిగట పేరుకొని ఉందంటే, బోర్లో ఇనుము తిని బతికే బ్యాక్టీరియా కూడా ఉన్నట్టు, ఆ బోరుకు విడిగా క్లోరిన్ శుద్ధి చేయించాలి.

నీళ్లలో ఇనుము ఉందో లేదో ఇంట్లోనే చాలావరకు పసిగట్టొచ్చు. ఆ నీళ్లతో డికాషన్ పెడితే మామూలు కంటే నల్లగా వస్తుంది, తెల్ల బట్టలు నాలుగు ఉతుకులకే పసుపు తిరుగుతాయి. డికాషన్ నల్లబడటానికి కారణం టీ ఆకులోని వగరు, అది ఇనుముతో కలిస్తే సిరా రంగు వస్తుంది. కలంకారీ పనివాళ్లు కరక్కాయలో ముంచిన గుడ్డ మీద ఇనుప ముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన కసిమితో గీతలు గీసి నల్లరంగు తెప్పించేది కూడా ఇదే సూత్రం మీద. కరక్కాయ పొడి చిటికెడు వేసి చూస్తే ఇనుము బాగా ఉన్న నీళ్లు బూడిద నీలంలోకి తిరుగుతాయి, అంకె మాత్రం చెప్పవు.

దయచేసి టీడీఎస్ మీటర్ చూపించకండి. ఈ విషయంలో నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే ప్రతి ఓనరూ జేబులోంచి ఆ పెన్ను లాంటి మీటర్ తీసి “టీడీఎస్ 450 ఏ ఉంది కదా, నీళ్లు మంచివే” అంటారు. ఆ మీటర్ నీళ్లలో కరిగిన ఉప్పులన్నీ కలిపి ఒక అంచనా చెబుతుంది, అందులో ఇనుము ఒకటిన్నర ఉందా సున్నా ఉందా దానికి తెలియదు. 450లో ఒకటిన్నర ఎక్కడ కనిపిస్తుంది? ల్యాబ్‌కు ఇస్తే ఐరన్, మాంగనీస్, కాపర్ మూడూ విడివిడిగా రాయించండి. శాంపిల్ బాటిల్ వాళ్లనే అడిగి తీసుకోండి, లోహాల పరీక్షకు అందులో కొంచెం యాసిడ్ వేసి ఇస్తారు. మామూలు వాటర్ బాటిల్లో పట్టి రెండ్రోజులు కార్లో పెట్టుకొని తిరిగితే ఇనుమంతా బాటిల్ గోడలకు అంటుకుంటుంది, పైనున్న తేట నీళ్లు పరీక్షించి తక్కువే ఉందని రాసిస్తారు, తర్వాత పూల్ ఎర్రబడితే ల్యాబ్‌ను తిట్టుకుంటాం.

పాచా, లోహమా అని అక్కడికక్కడ తేల్చుకోవడానికి నేను చేసేది తెల్ల బకెట్ పరీక్ష. కొత్తగా పూల్ నింపబోతున్నారంటే ముందే చేయాల్సింది ఇదే. తెల్ల బకెట్లో బోరు నీళ్లు పది లీటర్లు పట్టి, చిటికెడు బ్లీచింగ్ పౌడర్ విడిగా గ్లాసులో కలిపి ఆ తేట పోయండి. అరగంట చూడండి. చాయ్ రంగు తిరిగితే ఇనుము. వెంటనే ఏమీ కాకుండా మర్నాటికి నల్లగానో కాఫీ రంగులోనో మారితే మాంగనీస్ అని అనుమానించాలి, దానికి క్లోరిన్ మెల్లగా పని చేస్తుంది, గంటలు పట్టొచ్చు, రోజు దాటొచ్చు. ఇప్పటికే పచ్చబడ్డ పూల్ నీళ్లతో ఇదే పరీక్ష చేస్తే, పచ్చదనం పోయి నీళ్లు తెల్లగా మసకబారితే అది పాచి. పచ్చగానే ఉండిపోతే రాగి.

ఇక ఆ శనివారం సంగతి. ఓనర్ సార్ మొదట అన్న మాట “మొత్తం తీసేసి మళ్లీ నింపుదాం”. నేను వద్దన్నాను. ఆ బోరు గంటకు మూడు వేల లీటర్లు పోస్తుంది, 65,000 లీటర్లకు ఇరవై రెండు గంటలు కావాలి, సాయంత్రానికి నిండే ప్రశ్నే లేదు. నిండినా అదే బోరు, అవే నీళ్లు, అదే వంద గ్రాముల ఇనుము. భూగర్భ జలం రోజురోజుకు కిందికి పోయే ఏప్రిల్‌లో అన్ని నీళ్లు పారబోసి తిరిగి అదే తప్పును నింపుకోవడం నాకు మనసొప్పదు. ఫంక్షన్ జరగనివ్వండి, పిల్లల్ని మాత్రం నీళ్లలోకి దించకండి అని చెప్పాను. ఇనుము వల్ల ఒంటికి ఏదో అవుతుందని కాదు. ఆ నీళ్లలో నాలుగడుగుల లోతున అడుగు కనపడటం లేదు. ఒక పిల్లాడు మునిగితే గట్టు మీదున్న వాళ్లకు కనపడడు. అడుగు టైల్స్ గీతలు స్పష్టంగా కనపడని పూల్లోకి ఎవరూ దిగకూడదు, అది పాచి అయినా ఇనుమైనా వాన బురదైనా సరే. రెండోది, క్లోరిన్‌లో కొంత ఇనుము మీదే ఖర్చయిపోయింది కాబట్టి క్రిములను చంపడానికి ఎంత మిగిలిందో కిట్‌తో చూస్తే గానీ తెలియదు. సార్‌కు నచ్చలేదు, కానీ ఒప్పుకున్నారు. పిల్లల కోసం లాన్‌లో పైపు పెట్టి రెయిన్ డాన్స్ లాంటిది ఏర్పాటు చేశారు.

నీళ్లు అప్పటికే తుప్పు రంగులో ఉన్నాయంటే ఇనుము కరిగిన స్థితి దాటి పొడి అయిపోయిందని అర్థం. ఇది నిజానికి మంచి వార్తే, పొడిని దింపొచ్చు. పీహెచ్ చూసి 7.2 నుంచి 7.5 మధ్యకు తెచ్చాం, బ్లీచింగ్ వల్ల బాగా పైకి పోయి ఉండింది. తర్వాత పటిక. ఎంత వేయాలన్నది నీళ్లను బట్టి మారుతుంది, అందుకే ముందు మూడు బకెట్లలో మూడు మోతాదులు వేసి చూసుకుంటాను, అక్కడ వెయ్యి లీటర్లకు 30 గ్రాముల లెక్కన రెండు కిలోలు సరిపోయింది. పటికను నీళ్లలో పూర్తిగా కరిగించి, పూల్ చుట్టూ తిరుగుతూ పోసి, వాల్వును రీసర్క్యులేట్‌లో, అంటే నీళ్లు ఫిల్టర్‌ను తాకకుండా తిరిగేలా, పెట్టి గంట తిప్పి, మోటార్ ఆపేశాం. ఫిల్టర్‌లోకి పోనివ్వకూడదు, పటిక పడితే అందులోని ఇసుక గడ్డకడుతుంది. రాత్రంతా ఎవరూ ముట్టుకోలేదు.

ఆదివారం పొద్దున ఆ పూల్ చూసి తీరాలి. పై నీళ్లు, లోపల అరచేయి పెట్టినా దాని గీతలు కనపడేంత తేట, అడుగున ఎర్రటి దుప్పటి పరిచినట్టు అర అంగుళం మందాన మెత్తటి మడ్డి. కాలితో కదిపితే పొగలా లేస్తుంది. ఇక్కడే చాలామంది చేసిన కష్టమంతా పోగొట్టుకుంటారు. సక్షన్ బ్రష్ పెట్టి, వాల్వు ఫిల్టర్ మీద ఉంచి లాగుతారు, ఆ మడ్డి ఇసుకలోంచి జారి అటు ఇన్‌లెట్ల నుంచి ఎర్ర పొగలా మళ్లీ పూల్లోకి వస్తుంది. వాల్వు వేస్ట్ మీద పెట్టాలి, నీళ్లు నేరుగా బయటికి పోవాలి. బ్రష్‌ను నిద్రపోతున్న పిల్లవాడి పక్కన నడిచినట్టు నడిపించాలి, ఒక్క వరస వెనక ఒక్క వరస. రెండు గంటలు పట్టింది, సుమారు పదివేల లీటర్లు బయటికి పోయాయి, అంటే పూల్‌లో ఆరో వంతు కంటే తక్కువ. 65,000 పారబోయడానికి దీనికీ తేడా మీరే చూసుకోండి. ఇంకా మిగిలిన సన్నటి మసకకు, పైన తేలే చెత్తను లాగే స్కిమ్మర్ బుట్టలో దిండ్లలో నింపే పాలిస్టర్ దూది పెట్టాను, సాయంత్రానికి తెల్ల దూది ఇటుక రంగులోకి వచ్చింది. అది తీసి పారేసి కొత్తది పెట్టడమే, మూడ్రోజులు అలా చేస్తే చాలు.

రెండో దారి, కట్టిపెట్టడం. షాపుల్లో మెటల్ రిమూవర్, స్టెయిన్ ప్రివెంటర్ అని అమ్మే సీసాల్లో చాలావరకు ఉండేది సీక్వెస్ట్రెంట్, అంటే లోహాన్ని పట్టి ఉంచే ఫాస్ఫోనేట్ల లాంటి రసాయనాలు. పేరులో రిమూవర్ అని ఉన్నా అది ఏదీ తీయదు. లోహాన్ని చుట్టుకొని పట్టుకొని ఉంచుతుంది, రంగు తేలనివ్వదు, గోడకు అంటనివ్వదు. ఇనుము పూల్లోనే ఉంటుంది. ఎండ, క్లోరిన్ కలిసి ఆ పట్టును కొద్దికొద్దిగా విడదీస్తాయి కాబట్టి సీసా మీద చెప్పినట్టు మళ్లీ మళ్లీ పోస్తూ ఉండాలి, ఆపితే రంగు తిరిగి వస్తుంది. కొద్దిగా లోహం ఉన్న చోట ఇది చక్కగా పని చేస్తుంది, లీటరుకు ఒకటిన్నర ఉన్న చోట దీన్ని నమ్ముకుంటే సీసాలు మోయలేక చస్తాం. ఇంకో సంగతి, ఈ మందు, పటిక ఒకదానికొకటి శత్రువులు. ముందు సీక్వెస్ట్రెంట్ పోసి తర్వాత పటిక వేస్తే ఇనుము దిగదు, ఎందుకంటే దాన్ని దిగనివ్వకుండా పట్టుకోమని మనమే ఒక మందు పోశాం. దింపాలనుకుంటే పూర్తిగా దింపండి, అంతా అయ్యాక మిగిలిన చిటికెడు కోసం కట్టిపెట్టే మందు వాడండి.

మరకల సంగతి వేరు. నీళ్లు తేటగానే ఉండి గోడలకు, మెట్లకు గోధుమ రంగు పట్టిందంటే ఇనుము అక్కడ కూర్చుంది. తెల్ల చొక్కా మీద తుప్పు మరకకు మన అమ్మలు నిమ్మకాయ రుద్దుతారు కదా, పులుపు తుప్పును కరిగిస్తుంది. పూల్లో దాని బదులు విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ యాసిడ్. ముందు ఒక మాత్రను పాత సాక్సులో వేసి మరక మీద నిమిషం ఒత్తి పట్టుకోండి, అక్కడ తెల్లబడితే ఇనుమే. తెల్లబడకుండా, క్లోరిన్ టాబ్లెట్ ఒత్తితే తెల్లబడితే అది చింతాకో వేపాకో వదిలిన రంగు. ఈ రెండు పరీక్షలు వేర్వేరు చోట్ల, వేర్వేరు సాక్సులతో, వేర్వేరు రోజుల్లో చేయండి. ఆస్కార్బిక్ యాసిడ్, సిట్రిక్ యాసిడ్, పటిక, మ్యూరియాటిక్ (హైడ్రోక్లోరిక్) యాసిడ్, వీటిలో ఏదీ క్లోరిన్ పొడితో ఒకే బకెట్లో, ఒకే మగ్గులో కలవకూడదు. విషవాయువు వస్తుంది, మంట కూడా లేవొచ్చు. స్టోర్ రూమ్‌లో కూడా వీటిని దూరం దూరంగా పెట్టండి, మగ్గులకు రంగులు వేరు చేయండి.

ఇనుమే అని తేలితే పూల్ మొత్తానికి ఆస్కార్బిక్ యాసిడ్ పొడి 40,000 లీటర్లకు అరకిలో చొప్పున వేస్తారు. అంతకు ముందు క్లోరిన్ దాదాపు సున్నాకు రావాలి, లేకపోతే ఆ పొడి క్లోరిన్‌ను కొట్టడానికే ఖర్చయిపోతుంది, మన ఎండకు రెండు మూడు రోజులు క్లోరిన్ వేయకుండా ఉంటే చాలు. ఆ రోజుల్లో ఎవరినీ దించకండి. మరక గంటల్లో మాయమవుతుంది, చూడటానికి చాలా బాగుంటుంది, అక్కడే మోసపోతాం. మరక పోయింది అంటే ఇనుము పోయిందని కాదు, గోడ మీది ఇనుము తిరిగి నీళ్లలోకి కరిగింది, అంతే. వెంటనే సీక్వెస్ట్రెంట్ పోసి, పీహెచ్ 7.2 దగ్గర పట్టి ఉంచి, క్లోరిన్‌ను రోజుకు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. సంబరంలో ఒక్కసారే షాక్ డోస్, అంటే క్లోరిన్ భారీగా, వేస్తే మర్నాడు మరకలు అవే చోట్లకు వచ్చి కూర్చుంటాయి.

గోడ మొత్తం కాకుండా ఒకే చోట రూపాయి బిళ్లంత గుండ్రటి ఎర్రమరక, రుద్దితే పోయి నెలకు మళ్లీ అక్కడే వస్తుంటే మాత్రం మందులు మానేయండి. టైల్ వెనక కాంక్రీట్‌లోని ఇనుప చువ్వకు నీళ్లు తగులుతున్నాయి. అది మేస్త్రీ పని.

ఇప్పుడు రాగి. దీని మీద నాకు కోపం ఎక్కువ, ఎందుకంటే ఇనుము నేల ఇచ్చింది, రాగిని మాత్రం మనమే కొని తెచ్చి పోస్తున్నాం. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్, ఎరువుల షాపులో దొరుకుతుంది, సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా తోటలకు కొడతారు. పాచిని బాగా చంపుతుంది, చవక, పైగా నీళ్లకు అందమైన నీలిరంగు ఇస్తుంది, అందుకే పూల్ బాయ్స్‌కు అదంటే ఇష్టం. హనుమకొండలో ఒక అపార్ట్‌మెంట్ పూల్‌కు పిలిస్తే వెళ్లాను. రోజూ పొద్దున ఈదే ఒక పెద్దాయన, పూర్తిగా నెరిసిన జుట్టు, నన్ను పక్కకు పిలిచి తల వంచి చూపించారు. చెవుల పైన తెల్ల వెంట్రుకలు లేత పచ్చగా ఉన్నాయి. “క్లోరిన్ ఎక్కువ వేస్తున్నారు బాబూ” అన్నారు. క్లోరిన్‌కు పచ్చ చేసే గుణం లేదు. నీళ్లలో కరిగిన రాగి వెంట్రుకకు పట్టుకుంటుంది, నల్లజుట్టులో కనపడదు, నెరిసిన జుట్టులో బయటపడుతుంది. పూల్ దగ్గర నిలబడి చూస్తే అడుగు టైల్స్ ఒక్కొక్కటి లెక్కపెట్టేంత స్పష్టంగా కనపడుతున్నాయి, కానీ నీళ్లు గోలీసోడా సీసా గాజులా పచ్చగా ఉన్నాయి. గోడ రుద్దితే జారుడు లేదు. పాచి అయితే గోడ జారుతుంది, నీళ్లు మసకబారతాయి.

అక్కడి కుర్రాడిని అడిగితే వారానికి కొంచెం కొంచెంగా వేస్తున్నానన్నాడు. కొంచెం అంటే చేతి గుప్పెడు. మైలుతుత్తంలో బరువులో నాలుగో వంతు రాగి ఉంటుంది. 65,000 లీటర్ల పూల్‌లో మొత్తం మీద కిలో పడిందనుకోండి, లీటరుకు దాదాపు 3.9 మిల్లీగ్రాములు. పూల్లో రాగి 0.2, 0.3 దాటకుండా ఉంటే మంచిది, ఆ లెక్కన అంత పూల్‌కు 50 గ్రాములే హద్దు, అది కూడా వారానికి కాదు, ఆ నీళ్లు ఉన్నన్నాళ్లకు. రాగి ఆవిరైపోదు, కరిగి ఉన్నంతసేపు ఇసుక ఫిల్టర్‌లో ఆగదు. సగం నీళ్లు తీసి మంచినీళ్లు నింపితే సగం తగ్గుతుంది. 3.9 కాస్తా 1.95, తర్వాత దాదాపు 1, తర్వాత 0.5, నాలుగోసారికి గానీ పావు దగ్గరకు రాదు. గుప్పెడు మైలుతుత్తం ఎన్ని నీళ్లు తాగుతుందో చూడండి. పీహెచ్ పెరిగితే ఈ రాగి నీళ్లలో నిలవలేక గోడలకు పడుతుంది, రాగి చెంబుకు పట్టే చిలుము లాంటిదే, నీలం పచ్చ కలిసిన మరకలు. రాగి బిందెను చింతపండుతో తోమితే మెరిసినట్టు ఈ మరకకు సిట్రిక్ యాసిడ్, అంటే నిమ్మ ఉప్పు పని చేస్తుంది, విటమిన్ సి అంతగా లొంగదీయదు.

మైలుతుత్తం వాడకుండానే రాగి వచ్చిందంటే పీహెచ్ చూడండి. స్కిమ్మర్‌లో క్లోరిన్ టాబ్లెట్లు పెట్టి రాత్రి మోటార్ ఆపేస్తే, ఆ టాబ్లెట్ కరిగిన నీళ్లు పుల్లటి యాసిడ్‌లా పైపులో నిలబడి, పొద్దున మోటార్ వేయగానే కంచు, ఇత్తడి భాగాల మీదుగా పోతాయి. హీటర్ ఉన్న పూల్స్‌లో అయితే లోపలి రాగి గొట్టాన్నే తింటాయి. టాబ్లెట్లు తేలే డిస్పెన్సర్‌లో వేయడం దీనికి తేలికైన పరిష్కారం.

ఆ తీసిన రాగినీళ్లు ఎక్కడికి పోతాయన్నది కూడా మనదే బాధ్యత. మన దగ్గర ఏ కాలువ పట్టుకొని పోయినా చివరికి ఒక చెరువు తగులుతుంది, కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టుగా కట్టుకున్న నేల ఇది. రాగి చేపలకు విషం. క్లోరిన్ అయితే రెండ్రోజులు ఎండకు వదిలితే పోతుంది, రాగి పోదు. పూల్ నీళ్లను చెరువు కాలువలోకి వదలకండి.

చివరగా రోజువారీ టాప్-అప్ గురించి, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మన మే నెల ఎండకు పూల్‌లో రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరవుతుంది. పది బై ఐదు పూల్‌కు అది 500 లీటర్లు, నెలకు 15,000. ఆవిరయ్యేది నీళ్లే, లోహం కాదు. ఆ లోటును 1.5 ఉన్న బోరు నీళ్లతోనే నింపితే నెలకు మరో 22 గ్రాముల ఇనుము వచ్చి చేరుతుంది, ఒక్క నీటి చుక్కా పెరగకుండా. వానలు మొదలయ్యాక ఆ నీళ్లు కలిసి కొంత పలచబడుతుంది, అప్పటిదాకా పెరుగుతూనే పోతుంది.

అందుకే హసన్‌పర్తిలో రెండు మార్పులు చేయించాను. పూల్ నింపిన రోజే పూల్‌నే సెట్లింగ్ ట్యాంకులా వాడుకోవడం ఒకటి: నింపగానే కావాలనే క్లోరిన్ వేసి రంగు తెప్పించి, పటికతో దింపి, లాగేసి, ఆ తర్వాతే బుకింగ్ తీసుకోవడం. దానికి మూడు రోజులు పడుతుందని ఓనర్ సార్ క్యాలెండర్‌లో ముందే రాసుకుంటున్నారు. రెండోది టాప్-అప్ కోసం. అక్కడ వాడకుండా పడి ఉన్న రెండు వేల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఒకటి ఉండింది, దాని మూత కింద పీవీసీ పైపుకు సన్న రంధ్రాలు కొట్టి షవర్‌లా పెట్టాం. బోరు నీళ్లు గాలిలో చినుకులుగా పడతాయి, రాత్రంతా నిలబడతాయి, ట్యాంకు అట్టడుగుకు అడుగున్నర పైన పెట్టిన పైపు నుంచి పై తేట మాత్రం, చిన్న ఇసుక ఫిల్టర్ మీదుగా పూల్లోకి పోతుంది. మాంగనీస్ ఉన్న బోరుకు ఇది చాలదు, దానికి ఇసుక బదులు మాంగనీస్ డయాక్సైడ్ గుళికలు నింపిన ఐరన్ రిమూవల్ ఫిల్టర్ పెట్టాల్సిందే. వాళ్ల బోరులో మాంగనీస్ లేదు కాబట్టి సరిపోయింది. పోయిన వారం వెళ్లినప్పుడు వాచ్‌మన్ ఆ ట్యాంకు అడుగు వాల్వు విప్పి చూపించాడు, నెల రోజులది, మొదటి రెండు బకెట్లు ఇటుక కడిగిన నీళ్లలా చిక్కగా పడ్డాయి, మూడోది తేరుకుంది.